మా నాయిన నడక

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పదేళ్ల వయసు నుంచి ఎమ్మెస్సీ చివరి ఏడాది దాకా ఆ కోపమంతా మా నాయిన మీదే కుమ్మరించాను. ఆయన తాగుబోతని నమ్మాను మరి.

నాయిన తాపీ పని చేసేవాడు. నల్గొండ దిక్కు పల్లె నుంచి అమ్మను, నన్ను తీసుకొచ్చి చంపాపేట్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో పెట్టాడు. పొద్దున్నే ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర కూలీలు పని కోసం నిలబడే అడ్డాకు పోయేవాడు. సాయంత్రం ఆయన గల్లీ మలుపు తిరగ్గానే నాకు ఒళ్లు మండేది. కాళ్లు ఎడంగా వేస్తూ, ఈ గోడ నుంచి ఆ గోడకు ఊగుతూ వచ్చేవాడు. మాట ముద్దముద్దగా ఉండేది. దగ్గరికొస్తే మందు వాసన. పై వాటాలో ఉండే ఓనరమ్మది గుంటూరు వైపు. "ఏంటమ్మా, నువ్వింత బాగా చదువుతావు కదా, మీ నాన్నగారికి కాస్త చెప్పుకోలేవా?" అని మెట్ల మీద నిలబడి జాలిగా అడిగేది. ఆ జాలికి నాకు తల కొట్టేసినట్టయ్యేది. మా తాత కూడా తాగి తాగి మంచాన పడి పోయాడని ఊళ్లో చెప్పుకునేవారు. ఏం వంశంరా దేవుడా అనుకునేదాన్ని.

అమ్మ మాత్రం అప్పుడప్పుడు ఒక మాట అనేది. "గా సీసా వారమైనా ఒడుస్తలేదు. గింత తాగి గంత ఊగుడేందే?" నేను వినిపించుకోలేదు. సైన్సు చదివే పిల్లని! అమ్మకు కనబడ్డది నాకు కనబడలేదు.

అవి తెలంగాణ ఉద్యమం ఉడుకుతున్న రోజులు. ఇవాళ బంద్ అయితే రేపు రాస్తారోకో. క్లాసులు జరిగితే జరిగినట్టు, లేకపోతే లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు ఆగిపోతే అక్కడి నుంచి నడకే. కోచింగ్ సెంటర్ల షట్టర్లు సగం దించి ఉండేవి, లోపల పాఠం సాగుతూనే ఉండేది. నాకు తెలంగాణ రావాలి, పరీక్షలూ జరగాలి, రెండూ ఇప్పటికిప్పుడే కావాలి. ఒక్కచోట కాలు నిలిచేది కాదు. చదివేది జన్యుశాస్త్రమే కానీ అందులో ఏం చేయాలో తేలలేదు. ఓ నెల వరి విత్తనాలన్నాను, ఇంకో నెల క్యాన్సరన్నాను. నా వాలకం చూసి విసుగొచ్చి మా మేడమ్ నన్నొక పెద్ద దవాఖానలో నరాల డాక్టరమ్మ దగ్గరికి పంపింది. రోగుల ఇళ్లలో ఇంకెవరికి అదే జబ్బుందో అడిగి రాసుకోవడం నా పని.

మూడో రోజు ఒకాయన లోపలికి వచ్చాడు. తలుపు పట్టుకుని, బల్ల పట్టుకుని, కాళ్లు ఎడంగా వేస్తూ. ఒక పాదం మడమకు ఇంకో పాదం వేళ్లు ఆనిస్తూ నడవమంది డాక్టరమ్మ. నాలుగడుగులకే పక్కకు తూలాడు. ఆమె వేలిని, తన ముక్కును మార్చి మార్చి తాకమంటే వేలు వణికి గురి తప్పింది.

"చిన్నమెదడు క్షీణిస్తోంది," అంది నాతో. "వంశంలో వచ్చే జబ్బు. ఒక జన్యువులో చిన్న ముక్క ఉండాల్సిన దానికంటే ఎక్కువసార్లు ఉంటుంది. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. ఆడైనా, మగైనా."

నేను ఆ రోగి కాళ్ల వైపే చూస్తున్నాను. అది మా నాయిన నడక.

ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. నాయిన నీళ్ల గ్లాసు ఎలా అందుకుంటున్నాడో, గడప ఎలా దాటుతున్నాడో చూస్తూ కూర్చున్నాను. రెండు రోజుల తర్వాత పొద్దున ఇంటి వెనక నల్లా దగ్గర కనబడ్డాడు. సీసా మూత తీసి ఒక్క గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేశాడు. నాలుగు చుక్కలు అంగీ మీద రుద్దుకున్నాడు.

"ఏంది నాయినా గది?"

ఉలిక్కిపడ్డాడు. తర్వాత నల్లా గట్టు మీద కూలబడ్డాడు.

"తాగినోన్ని మేస్త్రీ తిడ్తడు గని పనికి పిలుస్తడు బిడ్డా. తెల్లారితె దిగుతదిలే అంటడు. రోగమున్నోన్ని ఎవడు పిలుస్తడు? మా నాయిన గిట్లనే చేసిండు. నాకు గూడ గిదే జెప్పి పోయిండు. ఎత్తు మీద పని ఎప్పుడో బంద్ జేసిన, కిందనే గోడలకు పూత పెడ్తున్న."

"మాకన్నా చెప్పొద్దా?"

"చెప్తె నీ నోరాగుతదా?" అని నవ్వాడు.

ఎన్ని తిట్లు తిట్టాను ఆయన్ని! ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. అన్నీ మింగాడు, మందు తప్ప. నాకు ఏడుపొచ్చింది, సిగ్గేసింది.

ఆ వారమే ఎల్బీనగర్‌లో హైవే మీద వంటావార్పు పెట్టారు. బండ్లు ఆపేసి, నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు పేర్చి, అక్కడే వండి అక్కడే తినడం అప్పటి నిరసన పద్ధతి. అడ్డా కూలీలంతా వస్తున్నారు. "తెలంగాణ కోసమన్న పోకుంటె ఎట్ల?" అని నాయిన బయల్దేరాడు. ఆ రోజు పని లేదు కాబట్టి సీసా ముట్టలేదు. నేనూ వెంట పోయాను.

పంక్తులకు వడ్డించడానికి పప్పుచారు బకెట్ ఎత్తాడు. వద్దనేలోపే నాలుగడుగులు వేశాడు, తూలాడు, పడ్డాడు. చారంతా రోడ్డు పాలైంది.

"ఏందిరా, పొద్దుగాల్నే ఏసుకొచ్చినవా?" మేస్త్రీ ఉరికొచ్చాడు. "గీ ఒక్కదినమన్న ఆగొద్దా? అందరి ఇజ్జత్ తీస్తివి గదరా!"

జనం నవ్వారు. నాయిన కూడా నవ్వి, చేతులు అంగీకి తుడుచుకుంటూ, "ఔనన్నా, జర ఎక్కువైంది," అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "తాగలే! మా నాయిన జిందగీల సుక్క మింగలే! ఆయనకు మెదడు రోగం! మా తాతకూ గిదే!" చౌరస్తా అంతా వినబడేలా అరిచాను.

నవ్వు ఆగిపోయింది. మేస్త్రీ వంగి నాయిన్ను లేపాడు. "గట్లనా అన్నా? తెల్వదే," అని నీడలో కూర్చోబెట్టి, తనే విస్తరి తెచ్చి పెట్టాడు. అంతవరకూ 'ఏరా' అన్న మనిషి 'అన్నా' అన్నాడు. ఆ మర్నాటి నుంచి అడ్డాలో నాయిన్ను ఒక్కరూ పనికి పిలవలేదు.

కానీ వంటావార్పు ముగిసిన ఆ సాయంత్రం ఆయనకు ఆ బెంగే లేదు. బండ్లు లేని రోడ్డు మీద నా భుజం పట్టుకుని ఇంటికి నడుస్తున్నాడు. తిడతాడేమోనని చూస్తున్నాను. ఆగి, నా మొహంలోకి చూశాడు.

"మా నాయినది నాకొచ్చె. నీకు గూడ ఒస్తదా బిడ్డా?"

పొద్దున అంత జనంలో నిజం అరిచిన నోటితోనే అన్నాను.

"రాదు నాయినా. ఆడపిల్లలకు రాదు."

"ఒట్టు?"

"ఒట్టు. గదే చదువుతున్న గద."

ఆయన మొహం తేటపడింది. పని పోయిందని అమ్మ ఏడిస్తే, "పోతె పోనియ్యే, ఆడపిల్లలకు రాదంట!" అన్నాడు. ఓనరమ్మకు చెప్పాడు, పాలవాడికి చెప్పాడు, తనకు పరీక్ష చేసిన డాక్టరమ్మకూ చెప్పాడు. ఆమె నా వైపు చూసి ఊరుకుంది. మాట పూర్తిగా పోయేదాకా ఎవరొచ్చినా అదే చెప్పాడు.

వరి విత్తనాలూ లేవు, క్యాన్సరూ లేదు. అప్పటి నుంచి నేను పట్టుకుంది ఆ జన్యువునే. ఎందరి రక్తంలోనో దాన్ని వెతికి ఉందో లేదో తేల్చాను. నా రక్తం మాత్రం తీయలేదు. ఆయన గల్లీలో తూలడం మొదలుపెట్టినప్పుడు ఎంత వయసో, నాకిప్పుడు అంతే. మా ల్యాబ్ మూడో అంతస్తులో ఉంది. రోజూ పొద్దున పక్కనున్న కడ్డీ పట్టుకోకుండా మెట్లెక్కుతాను. పైకి చేరాక, మళ్లీ కిందికి దిగి, ఇంకోసారి ఎక్కుతాను.