చల్లలో గోలీ

పోయిన ఆదివారం పొద్దున, చేతిలో కాఫీ ఇంకా చల్లారకముందే, శామీర్‌పేట దగ్గరి ఒక ఊరి నుంచి ఫోన్ వచ్చింది. చేసినతనికి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి, అయినా నా కళ్ళకు ఇంకా గడ్డం పెరిగి, చొక్కా వదులైపోయి, గోడకు ఆనుకుని నిలబడ్డ కుర్రవాడిలాగే కనిపిస్తాడు. వాళ్ళమ్మకు ఈ మధ్య మతిమరుపు మొదలైందట, బీపీ మాత్ర ఇస్తే నాకేం రోగమని విసిరికొడుతోందట, నూరి చల్లలో కలిపెయ్యమని ఇంట్లో అందరూ అంటున్నారట. అంతా చెప్పి, "నేను కలప మేడం. కలపకుంట ఎట్ల మింగియ్యాలె, జెర చెప్పుండ్రి" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎందుకో మా ఇంట్లో పిల్లలకు చెబితే అర్థం కాదు, నా ఈడువాళ్ళకైతే అవుతుందని ఇది రాస్తున్నాను.

ఆ రోజుల్లో నేను మేడ్చల్ బస్ డిపోకు కొంచెం అవతల, ఒక విత్తనాల దుకాణం మీది అద్దె గదుల్లో పనిచేసేదాన్ని. పడుచు వయసులో మొదటిసారి మనసు చెదిరి, ఎవరూ లేకుండానే మాటలు వినబడటం, లోకమంతా తన మీదే కన్నేసిందనిపించడం మొదలైన పిల్లలను, జబ్బు ముదరకముందే చూడాలని పెట్టిన చిన్న వైద్య కేంద్రం అది. పిల్లలను డాక్టరుగారు చూసేవారు, పిల్లల ఇంటివాళ్ళను చూసుకునే బాధ్యత నాది. పేరుకు పెద్ద హోదాయే గానీ చేసే పని మాత్రం అరిచే తండ్రులకు మెల్లగా మాట్లాడటం నేర్పడం, పెళ్లి చేస్తే అదే కుదురుతుందనే మేనమామలను మెట్ల దగ్గరే ఆపడం. వచ్చేవాళ్ళు అటూ ఇటూ చూసి, తెలిసినవాళ్ళు ఎదురైతే విత్తనాలకు వచ్చామని చెప్పి ఏదో ఒక పొట్లం కొనుక్కుని మరీ పైకొచ్చేవారు. మా పుణ్యమా అని దుకాణదారుకు వంకాయ విత్తనాల గిరాకీ బాగా పెరిగింది, ఆయన మాత్రం అద్దె ఒక్క రూపాయి తగ్గించిన పాపాన పోలేదు.

ఈ అబ్బాయి వాళ్ళది పాల వ్యాపారం. తండ్రి ట్రాక్టరు నడిపేవాడు, తల్లి ఇంటి బర్రెల పాలు మేడ్చల్‌కు తెచ్చి వాడుకగా పోసేది. కొడుకు డిప్లొమా చదువుతూ చదువుతూ మానేసి, రోడ్డు మీద పోయే మోటార్‌సైకిళ్ళు తన గురించే హారన్లు కొడుతున్నాయని గదిలో కూర్చున్నాడు. ఒకే ఒక్కసారి డాక్టరు దగ్గరికి వచ్చాడు, ఆ తర్వాత రమ్మన్నా రాలేదు. తల్లి మాత్రం నెలనెలా వచ్చి మందులు తీసుకెళ్ళేది. వేసుకుంటున్నాడా అని అడిగితే, వేసుకుంటున్నాడని ముక్తసరిగా చెప్పేది.

వేసుకుంటున్నవాడికి భయం తగ్గాలి కదా! తగ్గకపోగా కొత్తది పుట్టింది. ఇంట్లో తిండిలో ఏదో కలుపుతున్నారని మొదలుపెట్టాడు, ముందు అన్నం మానేశాడు, తర్వాత పప్పు, చివరికి చిన్నప్పటి నుంచి ప్రాణంగా తాగే చల్ల కూడా చేదుగా ఉందని పారబోశాడు. కొట్టం నిండా బర్రెలున్న ఇంటి కొడుకు కిరాణా కొట్లో పాల ప్యాకెట్ కొని, మూల తన పళ్ళతోనే కొరికి తాగి బతకడం మొదలుపెడితే ఊరు ఊరుకుంటుందా? కన్నకొడుకే తాగని పాలు మాకెందుకని వాడుక ఇళ్ళు ఒక్కొక్కటే తగ్గాయి. కానీ ఆ తల్లికి వాడుకలు పోయాయన్న దిగులు కంటే పిల్లవాడి పక్కటెముకలు బయటపడుతున్నాయన్న దిగులే ఎక్కువ. ఇది జబ్బుకు పుట్టిన మరో కొమ్మ అని డాక్టరుగారూ నేనూ అనుకున్నాం, ఎవరైనా అలాగే అనుకుంటారు.

మంగళవారం మధ్యాహ్నాలు ఇంటివాళ్ళందరినీ కలిపి కూర్చోబెట్టేదాన్ని. ఒకరోజు కొత్తగా వచ్చిన ఒక తల్లి, కొడుకు మందు మింగడం లేదని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే, మన పాలామె జరిగి ఆమె పక్కన కూర్చుని, వంట చిట్కా చెప్పినంత తేలిగ్గా, "ఏడుస్తవెందుకు చెల్లె, నున్నగ నూరి సల్లల కలుపు, నేను గట్లనే ఇస్తున్న" అంది. గది నిశ్శబ్దమైపోతుందనుకున్నాను. ఎక్కడ! పప్పులో అయితే రుచి తెలియదని ఒకరు, చాయ్‌లో వేస్తే అడుగున మిగిలిపోతుందని ఒకరు, గాజులరామారం నుంచి మనవడి కోసం వచ్చే ముసలమ్మ అయితే సేమ్యా ఖీర్‌ల మస్తు కలుస్తదని, సంతలో బేరాల్లాగా అందుకున్నారు. కాసేపయ్యాక పాలామెను అడిగాను, చల్ల చేదుగా ఉందని అబ్బాయి మొదటిసారి అన్నది కలపడానికి ముందా, కలిపిన తర్వాతా అని. "కలిపినంకనే. ముందుగాల అన్నంల, పప్పుల గూడ కలిపిన" అని ఆమె తల వంచుకుంది.

అబ్బాయికి నిజం చెప్పెయ్యాలన్నాను. ఆ రోజు ఆమెతో వచ్చిన అబ్బాయి తండ్రి లేచి నిలబడ్డాడు. "చెప్తే ఇగ మా ఇంట్ల మంచినీళ్లు గూడ ముట్టడు, పోరడు సేతికి దక్కడు" అన్నాడు. ఆయన భయం అబద్ధం కాదు, పిల్లవాడు ఎటైనా వెళ్ళిపోతే పూచీ ఎవరిది? అయినా నిజం చెబుతున్న పిల్లవాడితో నీది జబ్బని ఇంటిల్లిపాదీ అంటుంటే, వాడిక ఏ మాటను నమ్మి బాగుపడతాడు? తల్లే ఒప్పుకుంది. ఎలా చెప్పాలో మా గదిలో అభ్యాసం చేయించాం, ఇంకో తల్లి కొడుకులా కూర్చుంది, నేను మంచి మంచి వాక్యాలు నేర్పాను.

నేర్పిన వాక్యం ఒక్కటీ ఆమె వాడలేదు. తోడు రమ్మంటే వెళ్ళి కొట్టం బయట నిలబడ్డాను. ఆమె పాలు పితుకుతూ, కొడుకు గడప దగ్గరికి రాగానే, తల తిప్పకుండా, "సల్లల గోలీ కలిపింది నేనే కొడుకా. నువ్వు చెప్పిందే నిజం" అంది.

పాలధార ఆగలేదు. "మరి నాకు పిచ్చి అన్నరు గదనే" అని, వాడు నా పక్క నుంచే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు వాడు తల్లితో మాట్లాడలేదు, తండ్రి కనబడినప్పుడల్లా నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఒక సాయంత్రం వాడంతట వాడే వచ్చి, గా గోలీ ఏదని అడిగాడట. తల్లి ఇస్తే నాలుక మీద పెట్టుకుని, ముఖం చిట్లించి, "గా చేదు గిదే" అన్నాడట. "కలపకుంట నా సేతికియ్యి, ఏస్కుంటనో లేదో నేను జూస్కుంట" అన్నాడట. తర్వాతి మంగళవారం తల్లి వెనకాలే మా మెట్లెక్కాడు. హారన్ల భయం పోవడానికి చాలా కాలం పట్టింది, పోయి మళ్ళీ వచ్చింది కూడా. కానీ తిండి భయం మాత్రం మళ్ళీ రాలేదు. వాడి చల్ల గ్లాసులో తల్లి ముందు తాను ఒక గుక్క తాగి, ఆ తర్వాతే చేతికిచ్చేది.

ఇప్పుడు మా గదుల్లో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. మందు వేళ ఫోనే గుర్తుచేస్తుందట, మంగళవారం కూర్చోవడానికి ఎవరికీ తీరిక లేదట. వాళ్ళ బర్రెల కొట్టం ఉన్నచోట ప్లాట్లు పడ్డాయి, ఆ ఇంట్లోకి కూడా పాలు, చల్ల ప్యాకెట్లలోనే వస్తున్నాయి. నేను ఫోన్‌లో అతనికి కొత్తగా చెప్పిందేమీ లేదు, మీ అమ్మ నీకు చల్ల ఎలా ఇచ్చేదో గుర్తుంది కదా అన్నాను.

బుధవారం మళ్ళీ చేశాడు. గ్లాసు చేతికిస్తే ఆమె అనుమానంగా చూసి, దీంట్ల ఏం కలిపినవ్ రా అని అడిగిందట. అతను ఆమె ఎదుటే సగం తాగి, మిగతాది ఒక చేత, మాత్ర ఒక చేత పట్టుకుని నిలబడ్డాడట. ఆమె చాలాసేపు చూసి మాత్ర నోట్లో వేసుకుని, ఆ ప్యాకెట్ చల్ల చివరిదాకా తాగి, "చేదు లేదు కొడుకా" అందట.