పెద్ద చక్రాలు వేసిన నా చిన్న కారు

మా బావగారంటే, అంటే మా ఆయన అన్నగారంటే, నాకు పెళ్లయిన కొత్తల్లోనే పడలేదు. ఆయన పోయాక కూడా నా అభిప్రాయం మారలేదు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పుకోవాలని ఇంట్లో అందరూ అంటారు. చెప్పుకునేవాళ్లు చెప్పుకోవచ్చు. నా కారుకి ఆయన చేసిన పని మాత్రం నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు.

ఎనభైల నడుమ సంగతి. మేం నందిగామలో ఉండేవాళ్లం. మా ఆయనకి అక్కడ పురుగుమందుల కొట్టు. నేను జగ్గయ్యపేట హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. ఏళ్ల తరబడి బస్సులో నిలబడి, ఎవరి బుట్టో కాలి మీద పెట్టించుకుని వెళ్లొచ్చాను. చిన్న కార్లు కొత్తగా వచ్చిన రోజులవి. నా జీతంతో, నా పేరు మీద ఒక తెల్ల కారు కొనుక్కున్నాను. ఒక వేసవంతా కూర్చుని డ్రైవింగు నేర్చుకున్నాను. బళ్లు తెరిచేనాటికి హైదరాబాదు రోడ్డు మీద లారీల మధ్య నుంచి ఒక్కదాన్నే వెళ్లి, ఒక్కదాన్నే తిరిగొచ్చేదాన్ని. స్టీరింగు రెండు వేళ్లతో తిరిగేది. ఆ ముప్పావుగంట నన్ను కాఫీ పెట్టమనేవాళ్లు గానీ, చీటికీ మాటికీ పిలిచేవాళ్లు గానీ ఉండరు. నాకు ఆ కారు అంత ఇష్టం అందుకే.

మా అత్తవారి ఊళ్లో బావగారిది పెద్ద పత్తి సేద్యం. ఇంటి పెత్తనమూ ఆయనదే. ఎడ్లబండి గురించి మాత్రం ఆయనకి తెలియనిది లేదు. బండి చేయించుకునేవాళ్లు చక్రం ఎంత ఎత్తుండాలో ఆయన్ని అడిగి వెళ్లేవాళ్లు. ఒకసారి వానల్లో నా కారు వాళ్ల పొలం దారిలో రేగడి బురదలో దిగబడింది. ఇద్దరు మనుషులు నెడితే బయటికొచ్చింది. ఆయన నడుం మీద చేతులేసుకుని చక్రాల వంక చూశారు.

"చక్రాలు మరీ అరిసెలంత ఉన్నయ్యే అమ్మాయ్! చక్రం పెద్దదయితేగా రేగట్లో బండి తేలిగ్గా లాగేది."

ఎడ్లబండికి అది నిజమే. కానీ ఎడ్లబండికి స్టీరింగు ఉండదు, ఎడ్లుంటాయి. ఈ ముక్క ఆ రోజే ఆయన మొహం మీద అనలేకపోయాను. కోడలి మర్యాద అడ్డొచ్చింది.

దసరా సెలవులకి కారు ఇంటి దగ్గరే వదిలి నేను చెవిటికల్లు, మా పుట్టింటికి వెళ్లాను. పదిరోజుల తరవాత తిరిగొచ్చేసరికి మా వాకిట్లో కారు వేరే రూపంలో ఉంది. నాలుగు వైపులా తళతళలాడే పెద్ద అల్లాయ్ చక్రాలు, వాటికి వెడల్పాటి టైర్లు, ఒంటికి మించి బయటికి పొడుచుకొచ్చి. బావగారు మద్రాసు నుంచి లారీలో తెప్పించారట. జగ్గయ్యపేట మెకానిక్కు చేత బిగించారట. నన్ను ఒక్క మాట అడగలేదు.

"ఎట్టున్నయ్ అమ్మాయ్, సిలవర చక్రాలు?"

"ఒకమాట అడగాల్సింది బావగారూ."

"అడిగేదేముంది, ఇంటి బండేగా!"

ఒళ్లు మండిపోయింది. మా ఆయన పక్కకి లాక్కెళ్లి, "అన్నయ్య ముచ్చటపడి తెచ్చాడు, ఏం అనమాక" అన్నారు.

మర్నాడు కారు తీస్తే అది నా కారు కాదు. నిలబడ్డచోట స్టీరింగు తిప్పాలంటే సీట్లోంచి లేచి వేలాడాలి. రోడ్డు మీద లారీల గాడి కనిపిస్తే చాలు, స్టీరింగు తనంతట తనే అటు గుంజుకుపోయేది. గుంట తగిలితే చేతుల్లోంచి విదిలించుకునేది. పూర్తిగా తిప్పితే లోపల మడ్‌గార్డుకి టైరు రాసుకుని కర్‌మనేది. ఇంకా తిరగాల్సిన చోట ఆగిపోయేది.

సాయంత్రం మా ఆయన్ని ఒక చుట్టు తిప్పి చూడమన్నాను. ఊరు చుట్టి వచ్చారు.

"స్టీరింగు బరువుగా లేదూ?"

"నాకేం తెలీలా. అలవాటవుద్దిలే" అన్నారు.

బావగారికి చెబితే నవ్వారు. "బరువుంటేనే బండి నేలని పట్టుకున్నట్టు. కాడి మీద బరువు లేకపోతే బండి వెనక్కి పడదూ?" అన్నారు. మళ్లీ ఎడ్లబండే!

నెల తిరక్కుండానే అయింది అవ్వాల్సింది. పొద్దున బడి గంటవేళ మెయిన్‌ రోడ్డు నుంచి గేట్లోకి తిప్పుతున్నాను. రోజూ ఒక్క తిప్పుతో వెళ్లే గేటు. టైరు కర్‌మంది, స్టీరింగు బిగుసుకుంది, కారు నేరుగా వెళ్లి గేటు స్తంభానికి కొట్టుకుంది. ఎవరికీ ఏం కాలేదు. లైటు పగిలింది, బంపరు ఊడింది. ప్రార్థనకి నిలబడ్డ బడి మొత్తం తల తిప్పి చూసింది. హెడ్మాస్టరుగారు పరుగున వచ్చి, "ఎందుకండీ మేడం మీకీ కష్టాలు, హాయిగా బస్సుంది గదా" అన్నారు.

ఆ సాయంత్రం బావగారు మా ఇంటికొచ్చి తాళం చెవి అడిగారు. నేను ఇచ్చాను. అది ఆయన తమ్ముడి చేతిలో పెట్టి, "ఆడోళ్ల చేతిలో బండి పెడితే ఇంతేరా" అన్నారు. మా ఆయన తల వంచుకుని తాళం చెవి జేబులో వేసుకున్నారు.

నాలుగు నెలలు మళ్లీ బస్సెక్కాను. మా ఆయన కారులో కొట్టుకి వెళ్లేవారు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో గేటు స్తంభం కథే. నన్ను చూసి స్తంభాలు జరగాలనేవాళ్లు. వాళ్లతో పాటు నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. ఎందుకంటే నేనూ నమ్మాను. నా చేతుల్లో సత్తువ లేదని, నాకు చేతకాదని, బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను. కళ్లు ఎందుకు వాచాయని మా ఆయన అడిగితే కూడా అదే చెప్పాను. ఆయన అటు తిరిగి పడుకున్నారు.

ఒకరోజు తొమ్మిదో తరగతిలో బలభ్రామకం పాఠం చెబుతున్నాను. ఇరుసు నుంచి దూరం పెరిగేకొద్దీ బలం ప్రభావం పెరుగుతుందని బోర్డు మీద తలుపు బొమ్మ గీశాను. గీస్తూ గీస్తూ ఆగిపోయాను. స్టీరింగు తిప్పినప్పుడు చక్రం పక్కకి మళ్లే ఇరుసు కారు లోపలి వైపుంది. చక్రాన్ని ఎంత బయటికి నెడితే రోడ్డు దాన్ని అంత గట్టిగా ఎదురు తిప్పుతుంది. ఏటా పిల్లలకి చెప్పే పాఠం, నాలుగు నెలలు నా బుర్రకి తట్టలేదు! చాక్‌పీసు విసిరికొట్టాను.

మధ్యాహ్నం తిండి మానేసి మెకానిక్కు షెడ్డుకి వెళ్లాను.

"నేను చెప్పానండి మేడంగారూ" అన్నాడు అతను, చేతులు తుడుచుకుంటూ. "ఇయ్యి ఈ కారుకి పెద్దయిపోయినయ్యండి. ఉత్తగా ఏస్తే లోపల మరీ రాసుకుంటన్నయ్యి. మధ్యన ఇనప బిళ్లలేసి బయటికి జరిపితే స్టీరింగు రాయయిపోద్దని చెప్పా. పెద్దాయన ఇన్లేదండి. పాతయ్యి ట్రాక్టర్లో ఏయించుకుని పోయాడు."

పాతవి ఎక్కడున్నాయో ఆదివారం అత్తవారి ఊరు వెళ్లి చూశాను. పత్తికి మందు కొట్టడానికి నీళ్ల డ్రమ్ములు మోసే తోపుడు బండి ఒకటి చేయించారు బావగారు. దాని కింద నా నాలుగు చక్రాలూ మందు కంపు కొడుతూ ఉన్నాయి. ఆయన చేలోనే ఉన్నారు.

"ఇవి నావి. విప్పించండి."

"తోలడం చేతగాక చక్రాల మీద పడ్డావా అమ్మాయ్?"

"చేతకానిది నాకు కాదు. కారుకి ఏం పెట్టాలో మీకు తెలీదు. తెలిసినవాడు చెబితే వినలేదు."

జీవితంలో ఆయనకి అలా ఎవరూ ఎదురు చెప్పలేదనుకుంటాను. పత్తి తీస్తున్న కూలీలు నడుములెత్తి చూశారు. పాలేరు కదలకపోతే స్పానరు నేనే తీసుకున్నాను. నాలుగూ విప్పేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. వాటిని ఆయన ఎడ్లబండిలోనే రోడ్డు దాకా తోలించాను.

మర్నాడు మా ఆయన్ని వెంటబెట్టుకుని షెడ్డుకి వెళ్లాను. తాళం చెవి ఆయన దగ్గరే ఉంది మరి. మెకానిక్కు పెద్ద చక్రాలు, బిళ్లలు తీసేసి పాతవి బిగించాడు. మా ఆయనే స్టీరింగు ముందు కూర్చున్నారు. నేను పక్కన కూర్చున్నాను. షెడ్డులోంచి వెనక్కి తీసి, ఒక్క చేత్తో స్టీరింగు తిప్పి, పెద్దగా ఊపిరి వదిలారు.

"హమ్మయ్య! ఈ నాలుగు నెల్లూ పొద్దుగూకేసరికి భుజాలు పడిపోయేయనుకో."

నాకు ఒక క్షణం అర్థం కాలేదు.

"బరువు తెలీలేదన్నారుగా" అన్నాను.

ఆయన నీళ్లు నమిలారు. "అన్నయ్యతో ఎట్టా చెప్పేది?"

"నాతో?"

ఆయన రోడ్డు వంక చూస్తూ గేరు మార్చారు. అన్నగారు తెలియక చేశారు. ఈయనకి మొదటి రోజే తెలుసు. నేను చేతకానిదాన్నని ఏడుస్తుంటే, ఆ ఏడుపుకి మందు ఒక్క మాటని తెలిసి కూడా, పక్కనే పడుకుని నిద్రపోయారు.

"ఆపండి" అన్నాను. "దిగండి."

దిగారు. నేను స్టీరింగు ముందుకి జరిగి కూర్చున్నాను. ఎడం వైపు తలుపు తీయాలా వద్దా అని, ఆయన చాలాసేపు రోడ్డు మీదే నిలబడ్డారు.