నలభై సెకన్ల తనిఖీ

గని ఆఫీసులో అతన్ని అందరూ కోతల మేస్త్రి అనేవాళ్లు. అలాగని రాయి కోసేవాడు కాదు. నేల అడుగున ఏముందో యంత్రాలు పంపే కొలతలన్నీ కలిస్తే కంప్యూటర్లో ఒక పెద్ద దిమ్మ తయారవుతుంది. ఆ దిమ్మని రెండు మీటర్ల లోతుకొకటి చొప్పున పలచగా కోసి, ఒక్కో పొరనీ బొమ్మగా దాచిపెట్టడం అతని పని. దిమ్మ మొత్తం తెరవాలంటే పదకొండు నిమిషాలు. దాచిన పొరైతే ఇలా నొక్కితే అలా వస్తుంది.

"నేను చెమటోడ్చి రాయి తొలుస్తాను, మా బామ్మర్ది ఏసీలో కూచుని కోతలు కోస్తాడు" అంటూ అతని అక్క మొగుడు భోజనాల దగ్గర అందర్నీ నవ్వించేవాడు. గనిలో డ్రిల్లు నడిపే ఆ బావే కనిపించినవాళ్లందరి కాళ్లావేళ్లా పడి అతనికి ఈ ఉద్యోగం వేయించాడు.

మొదట్లో ప్రోగ్రాంలో ఒక తనిఖీ ఉండేది. పొర అడిగిన ప్రతిసారీ, అది ఇప్పుడున్న దిమ్మలోంచి కోసిందో పాతదో చూసుకుని మరీ చూపించేది. దానికి నలభై సెకన్లు. ఇంజనీరుకి ఒళ్లు మండేది.

"పొర చూపించవయ్యా అంటే ఇది నా ఓపిక చూస్తుందేంటి?"

అతను తనిఖీ తీసేశాడు. కొత్త దిమ్మ వచ్చినప్పుడల్లా పాత పొరలు తనే తుడిచేసి మళ్లీ కోస్తానన్నాడు. ఆరేళ్లు మాట తప్పలేదు.

ఆ మంగళవారం కొత్త దిమ్మ వచ్చింది. పాతదాని స్థానంలో పెట్టి, పొరలు తుడవబోతుంటే ఇంజనీరు కేకేశాడు. పై ఆఫీసు పెద్దలొచ్చి కూచున్నారు, గోడ మీద బొమ్మ పడటం లేదు. ప్రొజెక్టరుతో కుస్తీ పట్టి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. పొరలు తుడిచేశాననే అనుకున్నాడు. ఆరేళ్ల అలవాటు. చేతులు ఆ పని చేశాయో లేదో బుర్ర అడగలేదు.

గురువారం ఇంజనీరు డెబ్బై నాలుగో పొర తెరిచాడు. చిటికెలో వచ్చింది. శుభ్రంగా ఉంది. గనిగోడ మీద సుద్దతో గుర్తు పెట్టించాడు. బావ అక్కడే తొలిచాడు. గోడ వెనక ఎప్పుడో వదిలేసిన సొరంగం, దాన్నిండా నీళ్లు. ఆ తాకిడికి డ్రిల్లు తిరగబడి బావ కుడికాలి మీద పడింది. ఆసుపత్రిలో మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

బావ గుర్తు వదిలేసి పక్కన తొలిచాడు, తప్పంతా బావదే అని విచారణ కాగితంలో రాశారు.

శనివారం అతను దిమ్మ మొత్తం తెరిచాడు, పదకొండు నిమిషాలూ కదలకుండా కూచుని. ఆ లోతులో సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ, ఆ నీళ్ల సొరంగం. దాచిన పొరలో అది లేదు. వెనక నిలబడ్డ ఇంజనీరు గొంతు తగ్గించాడు.

"పాతవి తుడిచేసి కొత్తవి కోసెయ్. మచ్చ చూసే దూరంగా గుర్తు పెట్టానని రాసిచ్చాను. సుద్దగీతని ఎలాగూ నీళ్లు కడిగేశాయి."

"మరి మా బావ?"

"ఒంటికాలితో గనిలోకి దిగుతాడా ఏంటి? నీ ఉద్యోగమైనా నిలబెట్టుకో."

ఒక్క మీట నొక్కితే చాలు. అతను నొక్కలేదు. రెండు బొమ్మలూ తేదీలతో సహా అచ్చు తీసి విచారణాధికారి బల్ల మీద పెట్టాడు. బావ తప్పు లేదని కాగితం మార్చారు. సోమవారానికల్లా అతని కుర్చీలో ఇంకొకడు కూచున్నాడు. ఇంజనీరు కుర్చీలో మాత్రం ఇంజనీరే.

ఆసుపత్రికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాడు. అక్క మొహం తిప్పుకుంది. బావ మాత్రం ఒకటే అడిగాడు.

"ఆ తనిఖీకి ఎంతసేపు పట్టేదిరా?"

"నలభై సెకన్లు, బావా."

"లెక్కపెట్టు. పైకే."

అతను మొదలుపెట్టాడు. పదిహేడు దగ్గర ఆగాడు.

"ఆపకు."

నలభై అయింది. దుప్పటి కింద కాలు లేని చోట బావ అరచెయ్యి చదునుగా ఆనించి ఉంది.

"ఇంతేనా?" అన్నాడు.