ఏ బూడిద?

ఆధునిక చిత్రకళ మీద పుస్తకాలు రాసిన మా మేనత్తకు చివరి ఏళ్లలో చూపు మసకబారింది. రాయచూరు బజారులో మా బట్టల దుకాణం మీది గదిలో కూర్చునేవాళ్లం. బొమ్మల్ని నేను చూసి చెబితే, ఆమె కళ్లు మూసుకుని వ్యాసం చెప్పేది. నేను రాసేదాన్ని.

ఒక మధ్యాహ్నం, బొమ్మంతా బూడిద రంగేనన్నాను.

"ఏ బూడిద, బిడ్డా? పొయ్యిలదా, నొసటి ఇబూదిదా, శక్తినగర్ల కరెంటు తయారుజేసే పొగగొట్టాలకెళ్లి వచ్చేదా? అన్నీ ఒక్కటేనా ఏంది?"

నాకు విసుగొచ్చింది. "బూడిద బూడిదే కదత్తా!"

"గట్లంటే నువ్వు చూడనట్టే. జర ఆగి చూడు."

ఆగి చూశాను. కింద దుకాణంలో కన్నడం, ఉర్దూ కలిసిన బేరాలు ఎక్కడో దూరంగా వినబడుతున్నాయి. బొమ్మలోని బూడిదలోంచి మెల్లగా నీలం తేలింది, దాని అంచున సన్నటి గులాబీ. అదే చెప్పాను. మూసిన కళ్లతోనే అత్త నవ్వింది.

"ఆ, గిప్పుడు కనబడ్తుంది నాకు."

మొన్న ఆమె అస్థికలు కృష్ణలో కలిపాం. కుండలోంచి జారిన బూడిద నీళ్ల మీద కాసేపు నిలిచింది. అలవాటు కొద్దీ ఆగి చూశాను. పొయ్యిది కాదు, విభూతిది కాదు. మెల్లగా అందులోంచి నీలం తేలుతోంది.

చెబుదామని పక్కకు తిరిగాను.