సిందూరం పెట్టారన్న మాట

రాయవే అమ్మడూ, చెబుతాను. గురజాలలో మా గోడవతల ఉండే సన్నాయి సాయిబుగారిని నేను బాబాయి అనేదాన్ని. రేడియోలో కూడా వాయించిన మనిషి. ఆఖర్లో ఎప్పుడు మాట్లాడినా కండువా నోటికి అడ్డం పెట్టుకునేవాడు. ముందుపళ్లు ఊడిపోయి, ఊదితే గాలి నిలవక, సన్నాయి మానేశాడు. "ఎవరికీ చెప్పబాక తల్లీ, సిగ్గు," అన్నాడు నాతో.

నేను నోరు మూసుకుంటే సరిపోయేది. కుళాయి దగ్గర ఆడాళ్లు ఎందుకు మానేశాడని గుచ్చిగుచ్చి అడిగితే, "శిష్యుడే కిళ్లీలో సిందూరం పెట్టాడంట, ఊపిరి పాడయింది," అనేశాను. ఆ తర్వాత శిష్యుణ్ణి ఒక్క పెళ్లికీ పిలవలేదు. మిరపకాయల కోతకి కూలికి పోయాడు. ఆ కూలిపనిలోనే కన్నుమూశాడు. ఈ సిందూరం మాట బాబాయి చెవినా పడింది. కాదని చెప్పాలంటే కండువా తీయాలి. తీయలేదు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు బాబాయి జీవితం పుస్తకంగా వచ్చింది. అందులోనూ సిందూరం కథే ఉంది. రాసినాయనకి ఫోన్ చేసి, అది అబద్ధమన్నాను.

"ఊళ్లో చానామందిని అడిగే రాశాను మామ్మగారూ. అందరిదీ ఒకటే మాట."

"ఆళ్లందరికీ చెప్పింది నేనే గదయ్యా!"

ఆయన నవ్వాడు. "పెద్దవారు, మర్చిపోయుంటారు లెండి," అని ఫోన్ పెట్టేశాడు.