డామరిస్ అరువిచ్చిన పిడుగు

మూడున్నర శతాబ్దాల కిందట, అమెరికాలో మసాచుసెట్స్ తీరాన ఉప్పుగడ్డి బీళ్ళ పక్కనున్న ఆ ఊళ్ళో డామరిస్ కాచిన బీరు తాగనివాడు లేడు. డామరిస్ అల్లిన సాక్ష్యం చెప్పి చర్చి సంఘంలో చేరినవాళ్ళూ తక్కువేం లేరు. కాకపోతే ఈ రెండోది ఎవరూ పైకి అనుకునేది కాదు.

సంఘంలో చేరాలంటే మందిరంలో అందరి ముందూ నిలబడి, దేవుడు తనను ఎలా పట్టుకున్నాడో చెప్పాలి. ముందు పాపం, తర్వాత భయం, ఆపైన దేవుడు పంపిన ఒక గుర్తు, చివర్లో కాస్త ఆశ. ఆ ఆశనూ కొలిచి పోయాలి. "నాకు రక్షణ ఖాయం" అన్నవాణ్ణి పొగరుబోతని కూర్చోబెట్టేవాళ్ళు. "నాలాంటి పురుక్కి దొరుకుతుందా అయ్యగారూ" అని ముక్కు చీదినవాణ్ణి చేర్చుకునేవాళ్ళు. చేరిన మగవాడికే ఓటు, చేరినవాడి బిడ్డకే బాప్తిస్మం.

చిక్కేమిటంటే, అక్కడి మగవాళ్ళలో చాలామందికి బతుకులో ఏమీ జరగలేదు. పీపాలు చేసే జబెజ్ ఒకనాడు డామరిస్ పెరటి తలుపు దగ్గర తలగోక్కుంటూ నిలబడ్డాడు.

"అక్కా, నా మీద ఎప్పుడూ ఏమీ పడలేదే. ఒకసారి పీపా మూత పడింది, అంతే."

"మూతకి దేవుడు లొంగడు గానీ నా పిడుగు పట్టుకుపో."

డామరిస్‌కు జరిగినవి బోలెడు. వెట్టి ఒప్పందం మీద సముద్రం దాటి వచ్చిన పిల్ల ఆమె. పిడుగు ఆమె పక్కనున్న పందిని కొట్టింది. గడ్డకట్టిన నది పగిలి లోపలికి జారి, ఎలాగో బయటపడింది. జబెజ్‌కు పిడుగిచ్చేటప్పుడు, జనం నవ్వుతారని పందిని తీసేసి చెట్టును పెట్టింది. నది ఎలిఫలెట్‌కు పోయింది. ఆయన దాన్ని చెప్పి మందిరాన్నంతా ఏడిపించి, తర్వాత సంఘపెద్ద, అంటే డీకన్ అయ్యాడు.

తను మాత్రం చేరలేదు. "దేవుడికీ నాకూ తగువేం లేదు, మధ్యలో వీళ్ళెందుకు" అనేది.

నలభై దాటాక ఆమె కడుపు పండింది. మొగుడు చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. పుట్టిన పిల్ల పిట్టంత ఉంది, రొమ్ము సరిగ్గా పట్టదు. బాప్తిస్మం ఒక్కటే రక్షణ కాదని పాస్టరుగారు ప్రసంగాల్లో చెప్పేవారు. పిల్ల వేళ్ళు నీలబడుతుంటే ప్రసంగం ఏ తల్లి చెవికెక్కుతుంది? ఆ పిల్ల పేరు లేకుండా, ఎవరికీ చెందకుండా పోకూడదు. డామరిస్ పిల్లను శాలువాలో చుట్టుకుని మందిరానికి వెళ్ళి, సాక్ష్యం చెప్పడానికి నిలబడింది.

"అయ్యగారూ, నా పక్కనే పిడుగు పడింది..."

పాస్టరుగారు కనుబొమలు ముడిచారు. "ఆగమ్మా. అది జబెజ్ పిడుగు కదూ?"

జబెజ్ తన బూట్లను శ్రద్ధగా చూసుకుంటున్నాడు.

"సరేనండీ. నది మీద మంచు పగిలి..."

డీకన్ ఎలిఫలెట్ లేచాడు. "నా నదిలో నువ్వెందుకు పడ్డావు? సాక్ష్యం ఎత్తుకుపోవడమూ దొంగతనమే!"

డామరిస్ దగ్గర ఇక మిగిలింది ఒక్కటే. దాన్ని ఎవరూ అడగలేదు, అడిగినా పనికొచ్చేది కాదు.

"అయితే ఇది వినండి. పదహారేళ్ళప్పుడు, వాతలు తేలిన వీపుతో మంచులోకి పారిపోయాను. ఆకలికి కళ్ళు తిరిగి పడితే ఒక నిప్మక్ తెగ ఆడమనిషి లేపి వేయించిన మొక్కజొన్న పిండి పెట్టింది. నీ దేవుడెవరని అడగలేదు. కృప అంటే ఏంటో నాకు తెలిసింది ఆ పూటే."

మందిరం గగ్గోలెత్తింది. ఆ నేల ఆదివాసులతో యుద్ధం ముగిసి ఎంతో కాలం కాలేదు. ఆ నిప్మక్ జనాన్ని పట్టి, ఓడలెక్కించి, చెరకు దీవులకు బానిసలుగా అమ్మింది ఈ బెంచీల మీద కూర్చున్నవాళ్ళే. డీకన్ మొక్కజొన్న చేను నిన్నమొన్నటిదాకా వాళ్ళదే.

"సాతాను సంతానం చేతి కూడు దేవుడి గుర్తా?" డీకన్ అరిచాడు.

"నా వీపు చీల్చింది తమరి నాన్నగారేనండీ. నేను వెట్టి చేసిన ఆ ఇంట్లో పూటపూటకీ ప్రార్థన జరిగేది."

పాస్టరుగారు చెయ్యెత్తారు. "ఈ సాక్ష్యం చెల్లదమ్మా."

"చెల్లదా? సరే. అయితే నావి నాకు ఇప్పించండి."

"ఏవి?"

"ఈ ఊళ్ళో అరువిచ్చినవన్నీ." బెంచీల వైపు తిరిగింది. "ఎవరి దగ్గర ఏముందో నేనే చెప్పనా, మీరే లేచి ఇస్తారా?"

ప్రసంగంలో కునికేవాళ్ళ ముఖాన నక్కతోక రుద్ది లేపే ముసలాయనకు ఆ రోజు కునికేవాడు ఒక్కడూ దొరకలేదు. ఆమెను చేర్చుకోవాలా అని ఓటుకు పిలిస్తే అందరికంటే ముందు లేచింది డీకన్ చెయ్యి. దాని వెనకే జబెజ్‌ది. ఆ వెనక ఎవరు ముందో ఎవరు తర్వాతో తెలియలేదు.

ఆ ఆదివారమే చన్నీళ్ళు నెత్తిన పడగానే పిల్ల మందిరం కప్పు లేచేలా ఏడ్చింది. పేరు మెర్సీ, అంటే కృప. పిల్ల బతికింది. బాప్తిస్మం వల్లో, పొరుగామె మేకపాల వల్లో డామరిస్ ఆరా తీయలేదు.

వారం తిరక్కుండా జబెజ్ మళ్ళీ పెరటి తలుపు దగ్గర తేలాడు.

"అక్కా, మా తమ్ముడు సంఘంలో చేరతానంటున్నాడు. ఏమన్నా మిగిలిందా?"

"పంది ఉంది," అంది డామరిస్, పిల్లను భుజం మార్చుకుంటూ. "కావాలేమో అడుగు."