భర్తీ అన్న మాట

మా బావ చెప్పేదాన్నిబట్టి ఆ రోజు మమ్మల్ని కోటలోని గణపతి కాపాడాడు. మా అక్క చెప్పేదాన్నిబట్టి బావ ధైర్యం కాపాడింది. మొన్న మేనత్త సంవత్సరీకానికి లక్సెట్టిపేటలో అందరం కలిసినప్పుడు విస్తళ్లు ఎత్తకముందే ఆ కథ మళ్లీ మొదలైంది. చెప్పిన ప్రతిసారీ నీళ్లు ఇంకో జానెడు పెరుగుతాయి, బావ ఇంకో బారెడు ఈదుతాడు. నేను ఒప్పుకోను. మమ్మల్ని కాపాడింది ఒక పడవ తాడు, అంతే. అయినా నా తగాదా దాని గురించి కాదు. ఆ రోజు మా మేనత్త ఎందుకు నోరు విప్పలేదన్నది ఆ కథలో ఎవరూ చెప్పరు. వాళ్లకు అదే సుఖం. నాకు కాదు. ఆమె నోరు మూయించింది నేనేనని నా భయం. బావ అలల ఎత్తు చేతులతో చూపిస్తుంటే నా ముందు పరిచిన పాత పేపరులో పులుసు మరకల మధ్య 'ఖాళీల భర్తీ' అని పెద్ద అక్షరాలు కనిపించాయి. విస్తరి దాని మీదికి జరిపాను.

మేనత్త మా బాపుకు చెల్లెలు. జైనూర్ దాటి, మహారాష్ట్ర సరిహద్దును ఆనుకున్న ఊరికి కోడలిగా పోయింది. ముప్ఫై ఏళ్లు మరాఠీ సంతల్లో బేరాలాడిన మనిషి. మామయ్య పోయాక అక్కావాళ్ల ఇంట్లోనే ఉండేది. పొగాకు డబ్బీ, మామయ్య ఫోటో, కళ్లజోడు ఒక చిన్న మూటలో కట్టుకుని ఎక్కడికైనా చంకలో పెట్టుకుని తిరిగేది. ఆమె ఎప్పుడూ ఏదీ అడగలేదు, ఒక్కటి తప్ప. "గోదారి పోయి పోయి యాడ కలుస్తదో ఒక్కసారి జూడాలె" అనేది. బావ కారు తీసి మమ్మల్ని పడమటి సముద్రం ఒడ్డున ఉన్న కొంకణానికి బయల్దేరదీశాడు. గోదావరి కలిసేది ఆ సముద్రంలో కాదు, తూర్పు పక్కదాంట్లో అని నేను వాదించాను. "సముద్రం ఏదైతేంది మరదలా, ఉప్పగుంటె సాలదా" అన్నాడు. మేనత్త నవ్వింది. ఆమె కోరిక అలా సగం తీరేలాగే మొదలైంది.

మొదటి రోజు గుట్ట మీది శివాలయం చూశాం. రెండో రోజు ఇసుక అంచున ఉన్న అమ్మవారి గుడి. గుడి మెట్లలో కింది మూడూ పచ్చగా నాచుపట్టి ఉన్నాయి. పట్టపగలు, ఎర్రటి ఎండలో, అవి మాత్రం తడిగా ఉన్నాయి. ఎదురుగా ఉన్న బీచ్‌లో బావ కొత్త చెప్పులు నీటికి చాలా ఎడంగా విడిచి నడకకు పోయాడు. తిరిగొచ్చేసరికి చెప్పులు లేవు, విడిచిన చోటూ లేదు. అక్కడ నీళ్లున్నాయి. కుక్క ఎత్తుకుపోయిందని బావ తీర్మానించి, ఉన్న నాలుగు కుక్కలనూ తిట్టాడు. మేనత్త మాత్రం ఇసుక మీద తడి గీత ఎక్కడిదాకా వచ్చిందో చూస్తూ నిలబడింది. ఏదో అనబోయి నావైపు చూసి మానుకుంది.

ఎందుకు మానుకుందో నాకు తెలుసు. ఆ పొద్దున ఒక ఖానావళి హోటల్లో మేమంతా ముందురోజు శివుడికున్న ఉపవాసం విడుస్తున్నాం. మేనత్త మురిసిపోతూ తన మరాఠీలో మా అందరికీ భోజనం చెప్పింది. అక్కడివాడికి ఏమర్థమైందో, నాలుగు పళ్లేలలోనూ చేపలు తెచ్చి పెట్టాడు. అమ్మవారి గుడికి పోవాల్సిన రోజు. అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. పక్క బల్లవాళ్లు నవ్వారు. నాకు తిక్క లేచింది. "అత్తా, నీ మరాఠి మీ ఊరి సంతల నడుస్తది గని గీడ నడవది. ఇగ నువ్వు నోరిప్పకు, మేం హిందీల జూసుకుంటం" అన్నాను. నా నోటి సంగతి మా ఇంటిల్లిపాదికీ తెలుసు, ఎవరూ పట్టించుకోరు. మేనత్త పట్టించుకుంది. "సరే బిడ్డా" అంది. ఆ ఊళ్లో మళ్లీ ఒక్క మరాఠీ ముక్క మాట్లాడలేదు.

మూడో రోజు కోట. అది సముద్రంలోనే ఉంది. నీరు వెనక్కి తగ్గినప్పుడు పది పదిహేను నిమిషాలు నడిస్తే చేరవచ్చు. మేం పోయేసరికి దారి అంతా బురద ఇసుక, అక్కడక్కడ మడమ తడిసే గుంటలు. పడవలు పక్కకు ఒరిగి నేలమీదే పడుకుని ఉన్నాయి. ఒక్కోదానికి బారెడు బారెడు తాళ్లు, ఇనుప లంగర్లు. ఎండు నేలమీది పడవను ఎవరు ఎత్తుకుపోతారని అంత భద్రంగా కట్టారని నేను నవ్వాను. కోట గోడకు మా తలలకు పైదాకా గుల్లలు అంటుకుని ఉన్నాయి. "మొన్నటి వానకాలం వరద గుర్తు" అన్నాడు బావ. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లకు నీరంటే అంతే. ఎండాకాలం ఇసుక తేలిందంటే మళ్లీ వానలదాకా అందులో పుచ్చకాయలు పండించుకోవచ్చు.

సగం దారిలో ఒకామె రాళ్లమీది గుల్లలు గీకుతోంది. మమ్మల్ని చూసి, "భర్తీ యేతే, లౌకర్ జా" అని చెయ్యి ఊపింది. పత్తి బేరాలకు చంద్రపూర్ తిరిగిన బావకు నాలుగు మరాఠీ మాటలు వచ్చు. "లోపల మంది భర్తీ అయితున్నరట, జల్ది పొమ్మంటుంది" అని అడుగులు పెంచాడు. ఆమె చెయ్యి ఊపింది కోటవైపా, ఊరివైపా అన్నదాని మీద మాకు నేటికీ ఏకాభిప్రాయం లేదు. మేనత్త ఆగింది. మూట తీసి నా చేతికిచ్చింది.

"నీ సంచిల పైన పెట్టు బిడ్డా, తడుస్తది."

"తడవనీకె నీళ్లేడున్నయే?" అన్నాను.

"పెట్టు" అంది.

కోటలో తుప్పు ఫిరంగులు, ఉప్పు మధ్యలో విచిత్రంగా తియ్యటి నీళ్ల బావి, చల్లటి గణపతి గుడి. గోడమీది గుల్లలు వరదలో వచ్చినవి కావు, బతికున్నవే అని నేను బావతో వాదన పెట్టుకున్నాను. గెలిచాను కూడా. బతికున్న గుల్లకు రోజూ నీళ్లు కావాలి కదా అన్న ఆలోచన మాత్రం గెలుపు సంబరంలో రాలేదు. మేనత్త ద్వారం దగ్గర కూర్చుని ఒకసారి "పోదామా బిడ్డా" అంది. "జర ఆగు అత్తా" అన్నాను.

బయటికి వచ్చేసరికి లోపల మేం తప్ప ఎవరూ లేరు. దారి బూడిదరంగు నీళ్లయింది. చప్పుడు లేదు. ఎగువ నుంచి రావడం కాదు, రెండు పక్కల నుంచీ వచ్చి మధ్యలో కలుసుకుంటోంది. ఆగుదామని అక్క, నేను. "మోకాటి లోతు నీళ్లకు పరేషాన్ అయితరా? నేను గోదారి ఈదినోన్ని" అని బావ దిగాడు. ఆయన వెనక మేం. సగం దూరం పోయేసరికి నా నడుము మునిగింది, పొట్టి మనిషి మేనత్తకు ఛాతీ దాటింది. కాళ్లకింది ఇసుక జారింది. ఆమె చెయ్యి నా చేతిలోంచి ఒకసారి జారి మళ్లీ దొరికింది. ఆ జారిన క్షణం ఎంతసేపో నేను చెప్పలేను. అప్పుడు నా మోచేతికి ఏదో గరుకుగా తగిలింది. పొద్దున నేను నవ్విన తాడు. ఒరిగి పడుకున్న పడవ ఇప్పుడు లేచి తేలుతోంది. అందులోని ఇద్దరు మమ్మల్ని బస్తాల్లా లాగి పడేశారు. పెద్దాయన సముద్రాన్ని చూపిస్తూ "భర్తీ, భర్తీ" అని ఒడ్డుదాకా తిట్టాడు. ఆయన చెయ్యి ఎటు చూపిందన్న దాంట్లో మాత్రం ఎవరికీ అనుమానం లేదు. వాళ్ల మరాఠీలో భర్తీ అంటే మంది నిండడం కాదు, రోజూ వచ్చే సముద్రపు పోటు.

ఒడ్డున సంచి తెరిచాను. మూట పొడిగా ఉంది. మేనత్త అందుకుని, మామయ్య ఫోటో చూసుకుని మళ్లీ కట్టేసింది. మూట ఎందుకిచ్చిందో అక్క దగ్గర జవాబుంది. ముసలి మనిషి, గుంటలు చూసి భయపడింది అంటుంది. సరిహద్దు ఊళ్లో సముద్రం లేదు, ఆ మాట ఆమెకెలా తెలుస్తుందంటాడు బావ. కావచ్చు. తర్వాత మూడేళ్లు బతికింది. ఒకసారి నేను పేపరు పైకి చదువుతూ 'పోస్టుల భర్తీ' దగ్గరికి వచ్చేసరికి, గిన్నెలో చిక్కుడుకాయలు సగంలో వదిలి లోపలికి లేచిపోయింది. ఊరందరితో వాదించే నేను ఆ ఒక్క మాట అడగలేకపోయాను. రేపు అడుగుదాం, రేపు అడుగుదాం అనుకున్నాను.

గడిచిన కాలం మా గోదావరి నీళ్లలా దిగువకు పోయి ఊరుకుంటుందనుకునేదాన్ని. కొంత కాలం అలా పోదు, వెళ్లినట్టే వెళ్లి రెండు పక్కల నుంచీ వచ్చి చుట్టుకుంటుంది. అత్తా, ఆ మాట నీకు తెల్వకనే మా ఎన్క నడిచినవా, తెలిసి కూడ నేను నోరిప్పకన్ననని నీళ్లలకు దిగినవా?